ఐదో కుర్చీ

కుర్చీకి తెల్లగుడ్డ తొడిగి, వెనక నీలం రిబ్బను పువ్వులా ముడివేసి, ముందు నేలమీద చిన్న మెత్త కూడా పరిచారు, మొక్కేవాళ్ళ మోకాళ్ళు నొప్పెట్టకుండా. అన్నీ కుదిరాయి, కూర్చోవలసిన మనిషే లేదు. వేదిక మీద అలాంటివి ఐదు కుర్చీలు. నాలుగింట్లో నలుగురు పెద్దవాళ్ళు గంట ముందే వచ్చి ఒద్దికగా కూర్చున్నారు, ఫొటోలకని. చిన్ కొండల్లోంచి వచ్చిన ముసలాయన ఒళ్ళోని చేతిసంచీని ఎవరైనా ఎత్తుకుపోతారేమోనన్నట్టు రెండు చేతులా పట్టుకున్నాడు. ఆ పక్కన కరెన్ తల్లి, ఆ పక్కన పసుపు తలగుడ్డ చుట్టుకున్న షాన్ ఆవిడ. నాలుగోది లత పేటలో ఎండుచేపల టోకు వ్యాపారం చేసే చీనా తాతది, ఆయన అప్పుడే కునుకు తీస్తున్నాడు. ఐదోది తాయారమ్మది. అమ్మ కోసం ఉంచిన ఆ కుర్చీ వంక చూడకూడదని కోటేశ్వరి కిటికీ వంక చూసింది. కింద నది, ఒడ్డున కంపెనీ క్రేన్లు, వాన వెలిసి తేటపడ్డ ఆకాశం. తడింజు పండగ వారం ఇది, ఊరు ఊరంతా దీపాలు పెట్టి పెద్దలకు మొక్కే వారం. మోకాళ్ళ మీద కూర్చుని నేలకు నుదురు తాకించే ఆ మొక్కుని ఇక్కడివాళ్ళు కడో అంటారు. ఓడల సరుకు చేరవేసే ఈ కంపెనీకి పైదేశంలో ఉన్న పెద్దాఫీసు నించి, మా దగ్గర ఏ జాతివాళ్ళకైనా ఒకటే గౌరవం, ఒకటే అవకాశం అని ఈ ఏడాది పెద్ద ప్రతిజ్ఞ వచ్చిపడితే, యాంగోన్ శాఖలో మనుషుల వ్యవహారాలు చూసే డో ఖిన్ మ్యా ఆ ప్రతిజ్ఞనీ ఈ పండగనీ కలిపి ముడిపెట్టింది. ఐదు జాతుల ఉద్యోగులు, వాళ్ళ అమ్మలో నాన్నలో తాతలో, ఐదు కుర్చీలు, ఐదు మొక్కులు. ఆలోచన మంచిదే, దాన్ని తప్పుపట్టడానికి కోటేశ్వరికి నోరు రాదు. పైగా ఆ మాట విన్న రోజున ఇంటికెళ్ళి స్నానాలగదిలో తలుపేసుకుని ఏడ్చింది కూడా.

అమ్మకి చేసిన ఫోను మోగుతూనే ఉంది, ఎత్తడం లేదు. ఎత్తదు, ఆవిడ ఫోను సంచీ అడుగున ఉంటుంది, దానిమీద గొడుగు, గొడుగు మీద మందుల డబ్బా, మందుల మీద తమలపాకుల పొట్లం, అది మోగినట్టు పక్కవాళ్ళకి తెలుస్తుంది గాని ఆవిడకి తెలియదు. టాక్సీ ఎక్కిందా లేదా. తామ్వే కూడలి దగ్గర ఈ వేళప్పుడు బళ్ళు కదలవు. లేకపోతే ఎక్కలేదేమో, మనసు మార్చుకుని తలుపు గొళ్ళెం పెట్టుకుని పడుకుందేమో. ఎన్ని రోజులు బతిమాలితే ఒప్పుకుంది. ఏటే అమ్మీ, నానొచ్చి ఏటి సెయ్యాలక్కడ, అంది మొదట. కూర్చుంటే చాలమ్మా, నేనొచ్చి నీకు కడో పెడతాను. ఇంట్లో ఎట్టుకోవే దండం, నానేటి పారిపోతున్నానా, నలుగురిలోన ఎందుకు? నలుగురిలోనే పెట్టాలమ్మా, అందుకే రమ్మంటున్నారు, వాళ్ళే రమ్మన్నారు, తెలుగువాళ్ళమనే రమ్మన్నారు. తాయారమ్మ కూర తరుగుతున్న కత్తి ఆపి కూతురి మొహంలోకి చూసింది, జ్వరమేమైనా వచ్చిందా అన్నట్టు. అలాగని ఆళ్ళు నోటితోటి సెప్పినారా, అని అడిగింది. చెప్పారమ్మా. కాయితం మీదా, నోటితోనా? నోటితోనే. మర్నాడు పొద్దున్న లేచేసరికి ఇనప్పెట్టె తెరిచి ఉంది, పెళ్ళినాటి బరంపురం పట్టుచీర ఆకుపచ్చది బాల్కనీలో తీగమీద ఆరుతోంది. కోటేశ్వరికి తెలిసి ఆ చీర గుడికి తప్ప వీధి మొహం చూడలేదు. చీర కట్టుకుని టాక్సీ ఎక్కడానికి మాత్రం ససేమిరా అంది. సంచీలో ఎట్టుకొస్తాను, అక్కడికొచ్చినాక నువ్వే కట్టుదువుగాని, అంది. ఈ ఉదయం తను గుమ్మం దాటుతుంటే తాయారమ్మ అద్దం ముందు నిలబడి ఉంది, కుంకం భరిణె చేతిలో పట్టుకుని. బొట్టు ఎట్టుకోనా, అంది, కోటేశ్వరి చెప్పులేసుకుంటూ పెట్టుకోమ్మా, ఇంత పెద్దది పెట్టుకో అంది, తాయారమ్మ నవ్వింది, ముందు పన్ను లేని ఆ నవ్వు. ఆ నవ్వు చూసి వచ్చింది కనక వస్తుందనే నమ్మకం.

బొట్టు. ఆ బొట్టుకి ఎన్ని బాధలు. లమ్మడాలో వాళ్ళ పాత ఇల్లు నాలుగో అంతస్తు, వీధిలోకి వేలాడే తాడూ, తాడు పైకొసన గంటా, కింది కొసన క్లిప్పూ, కింద చేపపులుసు సేమ్యా అమ్మే మొహింగా బండివాడు గంట లాగితే తాయారమ్మ పైనుంచి గిన్నె దింపేది. మెట్లు చీకటిగా, నిటారుగా ఉండేవి. మెట్లు దిగేటప్పుడు రెండో అంతస్తు మలుపు దగ్గర తాయారమ్మ ఆగేది, కొంగుతో, అంటే అప్పటికే కొంగు లేదు, లుంగీలాంటి టమెన్ కట్టుకునేది, జాకెట్టు అంచుతో బొట్టు తుడుచుకునేది. అరిగిన తనాకా చెక్క గంధం బుగ్గలకి అప్పటికే రాసుకుని ఉండేది, ఇక్కడి ఆడవాళ్ళందరిలాగే. ఆ మలుపు దగ్గర పేరు కూడా మారేది. మలుపుకి పైన కోటేశ్వరి, కింద తీదా. మలుపుకి పైన అమ్మ, కింద డోడో, అంటే పిన్నీ అని, అత్తా అని, ఎవరినైనా పిలవచ్చు అలా. కిందికెల్లినాక అమ్మా అని అరవకు, నాను ఎనక్కి సూడను, అని చెప్పేది తాయారమ్మ, ఆటలా చెప్పేది, నిజంగానే చూసేది కాదు. ఒకసారి వీధిలో కోటేశ్వరి పడి మోకాలు చెక్కుకుపోయి అమ్మా అని ఏడిస్తే తాయారమ్మ నాలుగడుగులు ముందుకెళ్ళి కూరగాయల బండి దగ్గర బేరం ఆడుతున్నట్టు నిలబడింది, జనం మళ్ళాక వెనక్కొచ్చి ఎత్తుకుంది. ఎత్తుకున్నప్పుడు ఆ ఒళ్ళు వణకడం కోటేశ్వరికి ఇప్పటికీ తన చేతుల్లోనే తెలుస్తుంది. పిల్లది తెల్లగా పుట్టింది, నాన్న అచ్చెన్న వైపు చాయ. తాయారమ్మ నలుపు, మంచి నలుపు, ఆ నలుపుని చూసి వీధిలో పిల్లలు కలామా అనేవాళ్ళు. దేశం కానిదానా అని దాని అర్థం, నలుపుదానా అనీ దాని అర్థం, అవతలికి పొమ్మనీ అర్థమే. మూడు తరాల కింద రేవులో బియ్యం బస్తాలు మోయడానికి ఓడెక్కి వచ్చినవాళ్ళు ఇంకా వెళ్ళిపోలేదేమిటని ఆ ఒక్క మాటలోనే అడిగేవాళ్ళు.

బడి గేటు. అక్కడే మొదలైంది, తల్లి చెప్పినది కొంత, తను చూసినది కొంత. బళ్ళో చేర్చిన మొదటి రోజు తాయారమ్మ బొట్టుతోనే వచ్చింది, కూతురి చెయ్యి పట్టుకుని, అమ్మగానే వచ్చింది. మర్నాడు కోటేశ్వరి బల్లమీద పక్కన ఎవరూ కూర్చోలేదు. ఆ మర్నాడు కూడా. పిల్లది అన్నం తినకుండా ఇంటికొస్తే తాయారమ్మ గ్రహించింది. తరవాతి ఏడాది బడి మార్చారు, ఊరి ఆ చివర. మధ్యాహ్నం కేరేజీ పట్టుకుని తాయారమ్మ గేటు దగ్గరికెళితే కాపలావాడు ఎవరి తాలూకు అని అడిగాడు. తీదా వాళ్ళ ఇంట్లో వంట చేస్తాను, అంది. అంతే. అంత సులువుగా వచ్చేసిందే మాట, నాకే ఆచ్చర్యమేసింది, అని చాలా ఏళ్ళ తరవాత చెప్పి నవ్వింది. వంటమనిషి నల్లగా ఉంటే ఎవరికీ అభ్యంతరం ఉండదు. వంటమనిషి కేరేజీ తెస్తే గేటు తెరుస్తారు. ఆ రోజు నించి తీదా పక్కన బల్లమీద పిల్లలు కూర్చున్నారు. తాయారమ్మ అన్నం మెత్తగా కలిపి పెట్టేది, చింతపండు పులుసు పైన ఉల్లిపాయ వేయించి చల్లేది, మీ వంటామె భలే వండుతుందే అనేవాళ్ళు పిల్లలు, కోటేశ్వరి తలూపేది. ఊపక ఏం చేస్తుంది ఏడేళ్ళ పిల్ల. పదేళ్ళకీ ఊపింది, పద్నాలుగేళ్ళకీ ఊపింది, ఊపుతుంటే మెడకి అదే అలవాటైపోయింది. వద్దమ్మా అలా చెప్పకు అని కాలేజీలో చేరాక ఒకసారి పోట్లాడింది. నీకేటి నష్టం, నాను వంటమనిసిని కానేటి, నీకు వండతన్నానా లేదా, అంది తాయారమ్మ.

హాల్లో మనుషులు నిండుతున్నారు. ఏసీ ఆగింది, కరెంటు పోయింది, వెంటనే కింద జనరేటరు గొంతు సవరించుకుని అందుకుంది. ఎవరూ తల ఎత్తి చూడలేదు. తెర మీద మళ్ళీ కంపెనీ బొమ్మ వెలిగింది, ఒకదాని మీద ఒకటి పెట్టిన రకరకాల రంగుల చేతులు, అందులో నల్లచెయ్యి అన్నిటికన్నా కింద ఉంది. కావాలని పెట్టి ఉండరు. బొమ్మ గీసినవాడెవడో పైదేశంలో, వాడికేం తెలుసు. తమ ఆఫీసులో మధ్యాహ్నం భోజనాల బల్ల కూడా అంతే, ఎవరూ కావాలని చేసింది కాదు. ఇక్కడి పద్ధతి ప్రకారం అందరి కేరేజీలూ బల్ల మధ్యలో తెరిచి పెడతారు, ఎవరి చెంచా ఎవరి గిన్నెలోకైనా వెళుతుంది, నీది నాది అని ఉండదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో కోటేశ్వరి గిన్నె కూడా మధ్యలోనే పెట్టింది, మెంతికారం పెట్టిన వంకాయ. చెంచాలు చుట్టూ తిరిగాయి, దాన్ని దాటి వెళ్ళాయి. ఎవరూ ముక్కు మూసుకోలేదు, ఎవరూ మాట అనలేదు, మర్యాదస్థులు. గిన్నె నిండుగా ఇంటికొచ్చింది, తాయారమ్మ మూత తీసి చూసి మూత పెట్టేసింది. మర్నాటి నించి కోటేశ్వరి వీధి చివర దుకాణంలో కోడికూర కొనుక్కుని ఆ గిన్నెలోనే పోసుకుని పట్టుకెళ్ళింది, అప్పుడు చెంచాలు వచ్చాయి. మంచి ఉద్యోగం, పదహారేళ్ళయింది, ఓడ కాగితాలు చూసే విభాగానికి ఇప్పుడు తనే పెద్ద. పైకి రాబోతే రెండుసార్లు వెనక్కి నెట్టారు, రెండోసారి ఎందుకని అడిగితే, పోర్టు అధికారులతో మాట్లాడాలి కదా, వాళ్ళు మీ గుర్తింపు కార్డులో జాతి అన్నచోట ఏముందో చూస్తారు, మాకేం లేదు, వాళ్ళ గురించే, అన్నారు. అదే రేవు. తాత కూర్మనాథం బస్తా మోసి మెడ మీద కాయ కట్టించుకున్న రేవు.

తరవాత ప్రతిజ్ఞ వచ్చింది, లోకం తిరగబడింది. మీరు తెలుగువారు కదూ మ తీదా, ఎంత బాగుందండీ, అంది డో ఖిన్ మ్యా గదికి పిలిచి, కాఫీ తెప్పించి, పేరు ముందు ఆడవాళ్ళకి మర్యాదగా పెట్టే మ చేర్చి. కోటేశ్వరి వెనక్కి తిరిగి చూసింది, ఇంకెవరితోనైనా అంటోందేమోనని. నలభై మూడేళ్ళలో తన జాతిని ఎవరైనా బాగుందనడం అదే మొదలు. పెద్దాఫీసు నించి తెరలోకి వచ్చిన ఒక శిక్షకురాలు, మన మనసుల్లో మనకే తెలియని చిన్నచూపులు ఉంటాయి, అవి పైకి తీసి చూసుకుందాం అని రెండు పూటలు చెప్పింది, అందరూ రాసుకున్నారు, చివర్న చప్పట్లు కొట్టారు, మధ్యాహ్నం భోజనాల బల్ల మీద చెంచాలు ఎప్పటిలాగే తిరిగాయి. లిఫ్టులో పోస్టరు వేశారు, కోటేశ్వరి మొహంతో, మా బలం మా భిన్నత్వమే అని కింద అక్షరాలు. ఫొటో తీసిన కుర్రవాడు, అక్కా, మీరు ఇండియన్‌లా లేరే, ఇంకొంచెం ఇండియన్‌గా ఉండాలి, ముక్కుపుడక ఉందా అని అడిగాడు పాపం. తిండి పండగ అని ఇంకోటి పెట్టారు, మీ ఇంటి వంట తేవాలి అని. తాయారమ్మ తెల్లారుజామున లేచి బెల్లం వేసి తీపి గుమ్మడికాయ పులుసు చేసింది, పెసరపప్పు చేసింది. డో ఖిన్ మ్యా ముందురోజే చెవిలో వేసింది, బిర్యానీ తెస్తారు కదూ, అందరూ దానికోసమే ఎదురుచూస్తున్నారు అని. ఏ జన్మలోనూ ఆ ఇంట్లో బిర్యానీ వండలేదు. కోటేశ్వరి పులుసు గిన్నె ఇంట్లోనే వదిలి, దారిలో ముస్లిం హోటల్లో పెద్ద డేగిసా బిర్యానీ కొనుక్కుని వెళ్ళింది, డేగిసా ఖాళీ అయింది, మీ అమ్మగారి చేతి వంట అద్భుతం అన్నారు. సాయంత్రం ఇంటికొచ్చేసరికి తాయారమ్మ పులుసన్నం తింటోంది ఒక్కతే. తిన్నారేటే ఆళ్ళు, అని అడిగింది. బాగా తిన్నారమ్మా, అంది కోటేశ్వరి. ఆవిడకి కనబడదా స్టవ్ మీద పులుసు గిన్నె. కనబడే అడిగింది, విని సంతోషించింది కూడా.

అందుకే ఈ కుర్చీ. ఈ కుర్చీ ఒక్కటి నిజం కావాలి. పోస్టరు పోనీ, బిర్యానీ పోనీ, రంగుల చేతులు ఎలా పేర్చుకుంటారో పేర్చుకోనీ. బళ్ళో ప్రతి తడింజుకీ పిల్లలందరినీ వరసగా కూర్చోబెట్టి మేష్టర్లకి కడో పెట్టించేవారు, పదో తరగతిలో మాత్రం తల్లులని కూడా పిలిచారు. తల్లులు చాపల మీద కూర్చున్నారు, జడల్లో పువ్వులు పెట్టుకుని. కోటేశ్వరి ముందు ఎవరూ లేరు, మీ అమ్మ రాలేదా అని టీచరు అడిగితే ఒంట్లో బాగాలేదంది. అందరితోపాటు వంగి నుదురు నేలకు తాకించింది, ఎదురుగా ఖాళీ చాప. తల ఎత్తేసరికి కంచె అవతల కేరేజీ చేత్తో పట్టుకుని నిలబడి ఉంది తాయారమ్మ, తన వైపే చూస్తూ, పెదవులు కదుపుతూ. దీవిస్తోంది. కంచె తీగల్లోంచి, వంటమనిషి వేషంలో, ఎవరికీ వినబడకుండా. ఆ బాకీ తీరాలంటే నలుగురి ముందూ తీరాలి, గదిలో తలుపేసుకుని పెడితే తీరదు. ఒక్కసారి, అందరూ చూస్తుండగా, ఆ నల్లటి పాదాల మీద తల పెట్టి, ఈవిడ మా అమ్మ అనాలి. తాయారమ్మ ఆకుపచ్చ పట్టుచీరలో, ఇంత బొట్టుతో, కాళ్ళు నేలకందకుండా కుర్చీలో కూర్చుని, పైకే దీవించాలి, తెలుగులో. డెబ్బై దాటిన మనిషి, మోకాళ్ళు పోయాయి, గుండెకి మందులు. మళ్ళీ ఏడాదికి ఈ ప్రతిజ్ఞ ఉంటుందో ఉండదో, కంపెనీలే ఉంటున్నాయా ఈ ఊళ్ళో, రోజుకొకటి గొడుగు ముడుచుకుని పోతోంది. తాయారమ్మ ఉంటుందో ఉండదో. ఈ రోజు కాకపోతే ఇంకెప్పుడూ కాదని కోటేశ్వరికి తెలుసు.

దీపాలు తగ్గాయి. తెరలో పెద్దాఫీసు డైరెక్టరుగారు ఎక్కడో తెల్లవారుతున్న ఊళ్ళోంచి మాట్లాడుతున్నాడు, మనసున్నవాడిలాగే ఉన్నాడు, ఈ సంస్థలో ఎవరూ తమని తాము గుమ్మం బయట విడిచి రానక్కర్లేదు అంటున్నాడు, మీరు మీరుగా రండి అంటున్నాడు. రెండో అంతస్తు మలుపు. జాకెట్టు అంచు. మీరు మీరుగా రండి. చప్పట్లు. డో ఖిన్ మ్యా వచ్చి కోటేశ్వరి జాకెట్టుకి చిన్న మైకు తగిలించింది, అమ్మగారు ఇంకా రాలేదా అని గుసగుసగా అడిగింది, వస్తున్నారు దారిలో ఉన్నారు అంది కోటేశ్వరి, ఆవిడ ఐదో కుర్చీని ఒకసారి చూసి, రాకపోతే ఫరవాలేదు, డైరెక్టరుగారి తరఫున నేను కూర్చుంటాను, నాకే పెట్టేద్దురుగాని, ఫొటోకి వరస చెడకూడదు కదా, అని భుజం నిమిరి వెళ్ళింది. మొదట చిన్ కుర్రవాడు వేదిక ఎక్కాడు. వాళ్ళ నాన్న చేతిసంచీ వదిలి రెండు చేతులూ కొడుకు తల మీద పెట్టాడు, ఏదో కొండభాషలో గడగడా దీవించాడు, ఆ భాష ఎవరికీ రాదు, అందరికీ అర్థమైంది. తరవాత కరెన్ అమ్మాయి. తరవాత షాన్ ఆవిడ కొడుకు. చీనా తాత నిద్రలేచి మనవరాలికి ఎర్ర కవరు ఇచ్చాడు, జనం నవ్వారు. కోటేశ్వరి వేదిక మెట్ల దగ్గర నిలబడి ఉంది, ఫోను మోగించడం మానేసింది.

అప్పుడు రిసెప్షన్ పిల్ల వంగి వంగి వరసల మధ్యనించి వచ్చింది, నవ్వుమొహంతో. చెవి దగ్గర చెప్పింది. "అక్కా, కంగారుపడకండి. మీ అమ్మగారు ఇంకా రాలేదు గాని, మీ ఇంటి వంటామె ఎప్పుడో వచ్చేసింది, కేరేజీ పట్టుకుని. గార్డు ఎవరి తాలూకని అడిగితే మ తీదా ఇంట్లో వంట చేస్తానందట. పాంట్రీలో కూర్చోబెట్టాం. మంచి మనిషి అక్కా, ఊరికే కూర్చోలేదు, కప్పులన్నీ కడిగి పెట్టేసింది."

కింద గేటు దగ్గర ఎవరు ఏమన్నారు, ఎవరూ ఏమీ అనలేదు, గార్డు తన ఉద్యోగం తను చేశాడు, ఎవరి తాలూకని అడిగాడు, మర్యాదగానే అడిగి ఉంటాడు. టాక్సీలో ఆవిడ బొట్టు పెట్టుకునే ఉండి ఉంటుంది, నిజంగానే వద్దామనుకుంది, అద్దాల తలుపులు చూసింది, యూనిఫాం చూసింది, ఆ ప్రశ్న విన్నది, నోటిలోంచి ముప్పై ఆరేళ్ళ జవాబు దానంతటదే వచ్చేసింది. లేక తెలిసే అందేమో. కూతురు పెద్ద ఆఫీసరు, పైన దొరలు ఉంటారు, నల్లటి మొహంతో తను వెళితే ఏమవుతుందో, తెల్లారితే పక్కన బల్ల ఖాళీ అయిపోతుందేమో అని. తను పాంట్రీలో కూర్చున్నా కూతురు పైన బాగుంటుంది కదా, ఇన్నాళ్ళూ అలాగే కదా బాగుంది. అమ్మా, ఒక్క గుమ్మం, ఇంకొక్క గుమ్మం దాటితే అయిపోయేదే. వాళ్ళే రమ్మన్నారని ఎన్నిసార్లు చెప్పాను, నోటితోనే చెప్పారని చెప్పాను కదమ్మా. ఇంత నొప్పి ఎక్కడ దాగి ఉంది ఇన్నాళ్ళూ, ఎవరి మీద కోపగించుకోవాలి, డో ఖిన్ మ్యా మీదా, ఆ గార్డు మీదా, బడి గేటు కాపలావాడి మీదా, వాడు ఏనాడో పోయి ఉంటాడు.

మైకులో పేరు పిలిచారు, తీదా అని, ఆ వెంటనే ప్రత్యేకంగా నేర్చుకుని, తడబడుతూ, కోటేశ్వరి అని కూడా పిలిచారు, జనం ఆ పేరుకి చప్పట్లు కొట్టారు. ఆమె వేదిక ఎక్కలేదు. వెనక్కి తిరిగి పాంట్రీ వైపు నడిచింది, ఒక్క అడుగు, రెండడుగులు, అంతలో పక్క తలుపు తెరుచుకుంది. పాంట్రీ ఆడవాళ్ళు టీలు తెస్తున్నారు, మధ్యలో పొట్టిగా, పాత టమెన్‌తో, మెడలో కండువాలా సంచీ పట్టీ వేసుకుని, రెండు చేతులా ట్రే మోసుకుంటూ తాయారమ్మ. సంచీలోంచి ఆకుపచ్చ అంచు రవ్వంత బయటికొచ్చి వేలాడుతోంది. తనాకా పూసిన నుదుటి మీద తుడిచేసిన కుంకం తాలూకు ఎర్రటి చార ఇంకా ఉంది. టీ తొణక్కుండా, కప్పుల మీదే చూపు పెట్టి, గోడవారగా నడుస్తోంది, ఎవరికీ అడ్డం రాకుండా, అలా నడవడం ఆవిడకి బాగా వచ్చు.

"అమ్మా," అంది కోటేశ్వరి.

జాకెట్టుకున్న మైకు ఆ మాటని అందుకుని హాలు నాలుగు మూలలా వినిపించింది. జనం తలలు తిప్పారు. తెరలో డైరెక్టరుగారు కూడా తల ఎత్తాడు. తాయారమ్మ నడుస్తూనే ఉంది.

"అమ్మా, నేనే. ఇలా చూడమ్మా. నిన్నే."

తాయారమ్మ ఆగింది. ట్రే జాగ్రత్తగా ఛాతీకి ఆనించుకుంది. అందరూ తన వైపే చూస్తున్నారని గమనించి, ఎవరికో దారి అడ్డం వచ్చానేమోనని గోడకి ఇంకాస్త ఒదిగి, మెల్లగా మెడ తిప్పి వెనక్కి చూసింది, తన వెనకాల ఎవరి అమ్మ వచ్చి నిలబడిందో అని.